ఇంట్లో నెగ్రోని, దాని చుట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిలాన్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేశాను, నెగ్రోని అనే ఈ కాక్‌టెయిల్ అక్కడే అలవాటైంది. హైదరాబాద్ వచ్చాక ఇంట్లో కలుపుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఆఫీసు వాళ్ళు, బావమరుదులు, డల్లాస్‌లో ఉన్న ఫ్రెండ్స్ ఫోన్ చేసి ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. 21 ఏళ్ళు నిండని వాళ్ళు దయచేసి ఇక్కడితో ఆగిపోండి, తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ చట్టప్రకారం అంతకంటే ముందు మందు కొనకూడదు.

నెగ్రోని అంటే ఏంటి?

జిన్, కంపారి (ఎర్రటి చేదు ఇటలీ మందు), స్వీట్ వెర్మూత్ (మూలికలు కలిపిన తీపి వైన్), ఈ మూడూ సమానంగా ఐస్ మీద కలిపి నారింజ ముక్క వేసి ఇచ్చే ఇటలీ కాక్‌టెయిల్. ఎర్రగా ఉంటుంది, చేదుగా ఉంటుంది, భోజనానికి ముందు తాగుతారు. ఇలా తిండికి ముందు తాగేదాన్ని ఇటలీవాళ్ళు అపెరితీవో అంటారు. తెరవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, ఆకలిని తెరుస్తుందని.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. మన దగ్గర మందు అంటే సిట్టింగ్. రాత్రి తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తుంది, అన్నం చివర్లో వస్తుంది, అప్పటికి సగం మందికి తినే ఓపిక ఉండదు. మిలాన్‌లో దీనికి తలకిందులు. ఆఫీసు వదిలాక ఆరున్నరకో ఏడింటికో ఒక గ్లాసు, పక్కన నాలుగు ఆలివ్‌లు, ఒక గంట కబుర్లు, తర్వాత ఇంటికెళ్ళి కడుపు నిండా భోజనం. నెగ్రోని పుట్టింది ఆ ఒక్క గ్లాసు కోసం. ఈ పేజీలో చెప్పే కొలతలు, పట్టింపులు అన్నీ ఆ లెక్కలోనే చదవండి.

సరిగ్గా కొలత ఎంత?

జిన్ 30 మి.లీ., కంపారి 30 మి.లీ., స్వీట్ వెర్మూత్ 30 మి.లీ. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ఐబీఏ ఇచ్చిన కొలత కూడా ఇదే. మన ఇళ్ళల్లో ఉండే స్టీలు పెగ్ మెజర్ ఒకవైపు 30, ఇంకోవైపు 60 పడుతుంది కదా, చిన్నవైపుతో మూడుసార్లు పోస్తే అయిపోయింది. ఇంత తేలికగా గుర్తుండే కాక్‌టెయిల్ ఇంకోటి లేదని నా నమ్మకం. ఒకటే షరతు, కంటి అంచనాతో పోయొద్దు. విస్కీలో పది మిల్లీ అటూ ఇటూ అయితే సోడా సర్దేస్తుంది. ఇందులో మూడు గట్టి రుచులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి, ఒకటి పెరిగితే మిగతా రెండూ కనబడవు.

ఎలా కలపాలో మెల్లగా చెప్పండి.

పొట్టిగా, అడుగు మందంగా ఉండే విస్కీ గ్లాసు తీసుకుని పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. ఈలోపు వేరే పెద్ద గ్లాసు నిండా ఐస్ వేసి, మూడూ కొలిచి పోయండి. పొడవాటి స్పూను దింపి, దాని వీపు గ్లాసు గోడకి ఆనించి, ఐస్ మొత్తం ఒక్క ముద్దలా తిరిగేలా మెల్లగా తిప్పండి. మొదట్లో కంపారి, వెర్మూత్ చక్కెర బరువుతో కిందకి దిగి, ఎర్రటి తీగలు తీగలుగా తిరుగుతూ కనిపిస్తాయి. పది సెకన్లకి ఆ తీగలు కలిసిపోతాయి. అక్కడే ఆపేస్తారు చాలామంది. ఆపకండి, 25 నుంచి 30 సెకన్లు తిప్పాలి. గ్లాసు బయట చెమట పట్టి, పట్టుకున్న వేళ్ళకి చురుక్కుమనేంత చల్లబడాలి. అప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసిన గ్లాసులో కొత్త ఐస్ వేసి, పాత ఐస్ పడకుండా వడకట్టి పోయండి.

తర్వాత నారింజ తొక్క. కత్తితో రెండంగుళాల ముక్క కోసి, తొక్క పైభాగం గ్లాసు వైపు ఉండేలా పట్టుకుని రెండు వేళ్ళతో మడిచి నొక్కండి. బల్బు వెలుతురుకి అడ్డంగా పెట్టి నొక్కితే సన్నటి తుంపర ఎగిరి మందు మీద పడటం కనిపిస్తుంది. ఆ నూనె వాసన ముందు ముక్కుకి తగిలి, ఆ తర్వాత చేదు నాలుకకి తగలాలి. ఆ వరస తప్పితే మొదటి గుటక మందులా, అంటే డాక్టర్ రాసిచ్చే మందులా అనిపిస్తుంది. తొక్కని గ్లాసులోనే వదిలేయండి.

వేరే గ్లాసు ఎందుకు, తాగే గ్లాసులోనే కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు. ఐబీఏ పద్ధతి కూడా నేరుగా గ్లాసులో కలపడమే, ఇటలీలో చాలా బార్లలో అలాగే ఇస్తారు. మన ఎండాకాలంలో మాత్రం ఇంట్లో ఐస్ త్వరగా కరుగుతుంది కాబట్టి వేరేగా చల్లబరిచి కొత్త ఐస్ మీద పోస్తేనే చివరి గుటక వరకు బాగుంటుంది.

షేకర్‌లో వేసి కుదిపితే?

వద్దు. గాలి బుడగలు చేరి మసకబారుతుంది, ఐస్ పగిలి నీళ్ళు ఎక్కువవుతాయి. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన ఉన్నవాటికి షేకర్ కావాలి, ఇందులో అవేవీ లేవు.

ఐస్ గురించి ఎందుకంత పట్టింపు? ఐస్ ఐసే కదా?

ఇందులో నాలుగో సరుకు నీళ్ళు. 90 మి.లీ. మందుకి ఐస్ కరిగి దాదాపు 20 మి.లీ. నీళ్ళు చేరాలి, అప్పుడే చేదు, తీపి, ఘాటు మూడూ విడివిడిగా తెలుస్తాయి. నీళ్ళు చేరకపోతే గొంతులో మంట. ఎక్కువైతే షర్బత్. చిన్న చిన్న ముక్కలు, ముఖ్యంగా అప్పటికే తడిగా మెరుస్తున్న ముక్కలు, నిమిషంలో కరిగి మందుని ముంచేస్తాయి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన పొడి ఐస్, వీలైతే పెద్ద గడ్డ, నెమ్మదిగా కరుగుతుంది. చిన్న స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి గడ్డకట్టించి, వెనక వైపు కొంచెం నీళ్ళు పోస్తే జారి వచ్చేస్తుంది, దానికోసం ప్రత్యేకమైన ట్రేలు కొననక్కర్లేదు.

ఇంకో మాట. ఫ్రీజర్‌లో చేపలు, మటన్, అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన మూతలేని ట్రేలో ఉన్న ఐస్ ఆ వాసనలన్నీ పీల్చుకుంటుంది. విస్కీలో తెలియకపోవచ్చు గానీ ఇక్కడ తెలిసిపోతుంది. మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

చేదు తట్టుకోలేకపోతున్నానండి. కొంచెం స్ప్రైట్ కలపొచ్చా?

కలిపితే మీ ఇష్టం, కానీ అది నెగ్రోని కాదు. ఎందుకు వద్దంటున్నానంటే, ఇందులో చక్కెర తక్కువై చేదుగా లేదు. యూరప్ నిబంధనల ప్రకారం స్వీట్ వెర్మూత్ లీటరులో కనీసం 130 గ్రాముల చక్కెర ఉండాలి, కంపారి లాంటి తీపి స్పిరిట్లు, అంటే లిక్యూర్లలో కనీసం 100. లెక్క వేస్తే ఒక గ్లాసు నెగ్రోనిలో తక్కువలో తక్కువ ఏడు గ్రాములు, అసలు అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. దాని మీద ఇంకా తీపి పోస్తే చేదు పోదు, నోట్లో జిగురు మాత్రం మిగులుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చేదుగా ఉంది కదా అని చక్కెర లేదనుకోవద్దు.

చేదు తగ్గించే దారి మన వంటింట్లోనే ఉంది. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి కాసేపు ఉంచి పిండుతాం కదా. చేదు రసం పోవడం ఒక ఎత్తు, ఉప్పు నాలుక మీద చేదుని అణిచివేయడం ఇంకో ఎత్తు. నెగ్రోనిలో కూడా చిటికెలో నాలుగో వంతు ఉప్పు వేసి తిప్పి చూడండి. ఉప్పగా అనిపించదు, చేదు అంచు మాత్రం మెత్తబడుతుంది, నారింజ వాసన పైకొస్తుంది. ఆలివ్‌లు, ఉప్పు వేరుశెనగలు దీని పక్కన పెట్టేది కూడా ఊరికే కాదు.

అదీ చాలకపోతే జిన్ 45, మిగతా రెండూ 30 చొప్పున పోయండి. చాలామంది బార్‌టెండర్లు ఇలాగే చేస్తారు, చేదు కొంచెం వెనక్కి వెళ్తుంది, కాకపోతే మందు ఘాటు పెరుగుతుంది, చూసుకోండి. నేనైతే కొత్తవాళ్ళకి అమెరికానోతో (జిన్ బదులు సోడా పోసేది, కింద రాశాను) మొదలుపెట్టమంటాను. నెలలో నాలుగైదు సార్లు అది తాగాక నెగ్రోని దగ్గరికి వస్తే నాలుక సిద్ధంగా ఉంటుంది. చిన్నప్పుడు కాకరకాయ వేపుడు చూస్తే పళ్ళెం తోసేసినవాళ్ళమే, ఇప్పుడు అడిగి వేయించుకుంటున్నాం. ఇదీ అంతే.

వెర్మూత్ అంటే వైనా, మందా?

వైన్. ద్రాక్ష వైన్‌కి కొంచెం స్పిరిట్, చక్కెర, మూలికలు, వేళ్ళు, బెరళ్ళు కలిపి తయారుచేస్తారు. అందులో ముఖ్యమైనది మాచిపత్రి జాతికి చెందిన వార్మ్‌వుడ్ అనే చేదు మొక్క, జర్మన్‌లో దాని పేరు వెర్‌మూట్, ఈ పేరు అక్కడి నుంచే వచ్చింది. 1786లో టురిన్‌లో ఆంతోనియో బెనెదెత్తో కార్పానో అమ్మిన తీపి వెర్మూత్‌తో ఆ ఊరికి దీనిమీద పేరు పడింది. సాధారణంగా 16 నుంచి 18 శాతం ఆల్కహాల్ ఉంటుంది.

వైన్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే కింది జవాబు చదవండి.

తెరిచిన వెర్మూత్ ఎన్నాళ్ళు ఉంటుంది?

ఫ్రిజ్‌లో పెడితే నెల, మహా అయితే రెండు నెలలు. బయట పెడితే మన వేడికి రెండు వారాల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. తెరిచిన ప్రతి వైన్‌లాగే గాలి తగిలి పాడవుతుంది. కంపారి, జిన్ స్పిరిట్లు కాబట్టి వాటికి ఏమీ కాదు, అందుకే జనం మూడు సీసాలూ ఒకే అల్మరాలో వరసగా పెట్టేస్తారు. నేను హైదరాబాద్ వచ్చిన మొదటి ఎండాకాలం అదే పని చేశాను. లీటరు సీసా తెరిచి, వంటగది గోడకున్న అల్మరాలో పెట్టి, మే నెలలో ఇంటికొచ్చిన వాళ్ళకి కలిపి ఇచ్చాను. మూడు గ్లాసులూ సగం సగం టేబుల్ మీదే మిగిలిపోయాయి, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత వెర్మూత్ ఒక్కటీ స్పూన్‌లో పోసుకుని నాకి చూస్తే అర్థమైంది. తాజాగా ఉన్నప్పుడు ఎండుద్రాక్ష, లవంగం, వెనిలా వాసన రావాల్సింది, దాంట్లో ఎండిపోయిన చింతపండు వాసన, తడి అట్టపెట్టె వాసన కలిసి వచ్చాయి. మొత్తం సింక్‌లో పోసేశాను.

తర్వాత నగరంలో ఒక మంచి పేరున్న బార్‌లోనూ అదే చింతపండు వాసన తగిలింది. సీసా వెనక లైట్ల కింద అరల్లో ఉంది, మెడ చుట్టూ దుమ్ము. ఎప్పుడు తెరిచారని అడిగితే వెయిటర్‌కి తెలియదు. ఖరీదైన జిన్, పెద్ద ఐస్ గడ్డ, చక్కగా కోసిన తొక్క, ఇన్ని జాగ్రత్తలు పడి ఆ ఒక్క సీసా దగ్గర గ్లాసు పాడుచేస్తున్నారంటే నాకు నిజంగా బాధేసింది. నెగ్రోని నచ్చలేదని చెప్పేవాళ్ళలో చాలామంది తాగింది పాడైన వెర్మూత్ అని నా అనుమానం.

కాబట్టి, దొరికితే చిన్న సీసా కొనండి. తెరిచిన రోజు తారీఖు సీసా మీద పెన్నుతో రాయండి. ఫ్రిజ్ తలుపులో నిలబెట్టండి. సీసా సగానికి వస్తే చిన్న సీసాలోకి నింపి గాలి తగ్గించండి. రెండు నెలలు దాటితే వంటలో వాడేయండి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ఒక పొంగు పోస్తే చికెన్ వేపుడుకి మంచి రంగొస్తుంది.

వెర్మూత్ దొరకలేదు, పోర్ట్ వైన్ పోస్తే?

కుదరదు. మన షాపుల్లో పోర్ట్ అని అమ్మే తీపి ఎర్ర వైన్‌లో తీపి ఉంటుంది, మూలికలు ఉండవు. కంపారికి ఎదురు నిలబడేది ఆ మూలికల రుచే. తెచ్చుకునేదాకా కంపారిలో సోడా పోసుకుని తాగండి, అది కూడా పాత ఇటలీ అలవాటే. 1932లోనే కంపారి సోడా అని కలిపి చిన్న సీసాల్లో అమ్మడం మొదలుపెట్టారు, ఫోర్తునాతో దెపేరో అనే కళాకారుడు గీసిన ఆ శంకువు ఆకారం సీసా ఇప్పటికీ అలాగే ఉంది.

ఏ జిన్ కొనాలి?

లండన్ డ్రై రకం, జూనిపర్ (జిన్‌కి అసలు వాసన ఇచ్చే కాయ) వాసన గట్టిగా ఉన్నది ఏదైనా. చాలా ఖరీదైన, సున్నితమైన పూల వాసన జిన్ ఇందులో దండగ, కంపారి ముందు ఆ పూలు కనబడవు. గోవాలో తయారయ్యే గ్రేటర్ దాన్ లాంటి మన జిన్లు దీనికి చక్కగా సరిపోతాయి. గులాబీ రంగు, స్ట్రాబెర్రీ రుచి అని రాసి ఉన్న సీసాల జోలికి వెళ్ళొద్దు.

కంపారికి బదులు ఇంకేమైనా?

అపెరోల్ వేస్తే తేలికవుతుంది, చేదు సగం, తీపి ఎక్కువ. అది 11 శాతమే. చినార్ అని ఇంకోటి ఉంది, ఆర్టిచోక్ ఆకులతో, ఇంకో డజను మూలికలతో చేస్తారు, 16.5 శాతం, రుచి మట్టిగా కషాయంలా ఉంటుంది, మిరియాల కషాయం ఇష్టపడేవాళ్ళకి నచ్చుతుంది. వెనిస్‌వాళ్ళు సెలెక్ట్ అనేది వాడతారు. ఏది వాడినా తాగొచ్చు, కానీ మొదటి పదిసార్లూ కంపారితోనే చేయండి, అసలు ఎలా ఉండాలో నాలుకకి తెలిశాక మార్పులు చేస్తే అర్థం ఉంటుంది. 1860లో నొవారా అనే ఊళ్ళో గాస్పరే కంపారి తయారుచేశాడు దీన్ని, తర్వాత మిలాన్‌లో కథెడ్రల్ పక్కనున్న గలేరియాలో, అంటే పైకప్పున్న షాపుల వీధిలో, కఫే పెట్టాడు. ఆ గలేరియా మూలలో 1915లో తెరిచిన కంపరీనో బార్ ఇంకా నడుస్తోంది. నేను మొదటి నెగ్రోని తాగింది అక్కడ కాదు గానీ, నిలబడి తాగడం నేర్చుకుంది అక్కడే.

సీసా మీద శాతం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, 20.5 నుంచి 28.5 దాకా. ఇటలీలో 25. విదేశం నుంచి తెప్పించుకుంటే ఒకసారి చూసుకోండి.

ఆ ఎరుపు పురుగుల నుంచి వస్తుందని విన్నాను, మేము శాకాహారులం.

విన్నది అబద్ధం కాదు. కోచినీల్ అనే చిన్న పురుగుల్ని ఎండబెట్టి తీసే కార్మైన్ రంగునే చాలాకాలం వాడారు. 2006 నుంచి చాలా దేశాల్లో కృత్రిమ రంగుకి మారారు, కానీ అన్నిచోట్లా ఒకేలా లేదు. సీసా వెనక కార్మైన్ అనో, ఇ120 అనో రాసి ఉంటే అందులో పురుగు రంగు ఉన్నట్టు. పట్టింపు ఉన్నవాళ్ళు చూసి కొనండి.

కమలా వేయాలా, బత్తాయా?

మంచి ప్రశ్న, ఇటలీ పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. మనం బత్తాయి అని పిలిచేది, నల్గొండలో, అనంతపురంలో తోటలు తోటలుగా పండేది, తీపి నారింజ జాతే. దాని ముక్క గ్లాసులో గట్టిగా నిలబడుతుంది, రసం పులుపు తక్కువ కాబట్టి రుచి చెడదు. తొక్క వాసన మాత్రం నెమ్మదిది. కమలా ఇందుకు ఎదురు: ముక్క పిప్పిపిప్పిగా విడిపోతుంది, తొక్క పల్చగా ఉండి మడిస్తే చిరుగుతుంది, కానీ ఆ వాసన ఘాటుగా గది అంతా నిండుతుంది. నేను చలికాలంలో కమలా తొక్క నొక్కి పారేసి బత్తాయి ముక్క వేస్తాను. సూపర్‌మార్కెట్‌లో దొరికే విదేశీ నారింజ అయితే రెండు పనులూ అదే చేస్తుంది, దాని మీద మైనం పూత ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళతో రుద్ది కడగండి. నిమ్మకాయ మాత్రం వద్దు.

నెగ్రోని అనే పేరు ఎవరిది?

ఫ్లోరెన్స్‌లో వియా తోర్నబువోని అనే వీధిలో కఫే కసోని ఉండేది. 1919లో కౌంట్ కమిల్లో నెగ్రోని అనే ఆయన తను రోజూ తాగే అమెరికానోలో సోడా బదులు జిన్ పోయమని అడిగాడట. బార్‌లో ఉన్న ఫోస్కో స్కార్సెల్లి అలాగే చేసి, తేడా తెలియడానికి నిమ్మ బదులు నారింజ ముక్క వేశాడట. ఎక్కువమంది నమ్మే కథ ఇదే. నెగ్రోని ఇంటిపేరున్న ఇంకో ఫ్రెంచి సైనికాధికారి కుటుంబం వాళ్ళు మాదే అని వాదించారు. నాకు మాత్రం కసోని కథే సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది, ఎందుకంటే అందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఒక ఖాతాదారు రోజూ వచ్చి తాగేదాన్ని కొంచెం గట్టిగా ఇవ్వమన్నాడు, అంతే. మన దగ్గర టీ కొట్లో స్ట్రాంగ్ చాయ్ చెప్పడం లాంటిదే.

అమెరికానో అంటే కాఫీ కదా?

కాఫీ వేరు, ఇది వేరు. కంపారి 30, స్వీట్ వెర్మూత్ 30, పైన చల్లటి సోడా. దీనికి ముందు సోడా లేకుండా తాగేవాళ్ళు, దాని పేరు మిలానో తొరీనో, కంపారి మిలాన్‌ది, వెర్మూత్ టురిన్‌ది కాబట్టి. నెగ్రోనికి తల్లి అమెరికానో, అమ్మమ్మ మిలానో తొరీనో అనుకోండి. హైదరాబాద్ ఏప్రిల్ సాయంత్రానికి నెగ్రోని కంటే ఇదే బాగుంటుంది, మొహమాటం లేకుండా చెబుతున్నాను. సోడా చివర్లో పోసి ఒక్కసారే తిప్పండి, గ్యాస్ పోతే ప్రాణం పోయినట్టే.

స్బాల్యాతో?

ఇటాలియన్‌లో పొరబాటు అయినది అని. మిలాన్‌లో బార్ బస్సో అనే చోట మిర్కో స్టోక్కెట్టో నెగ్రోని కలుపుతూ జిన్ అనుకుని స్పార్క్లింగ్ వైన్ పోశాడని, అలా 1970ల మొదట్లో పుట్టిందని చెబుతారు. కంపారి 30, వెర్మూత్ 30, ఐస్ మీద పోసి తిప్పి, పైన స్పార్క్లింగ్ వైన్. 2022లో ఒక చిన్న వీడియో వల్ల ప్రపంచం అంతా ఒక్కసారిగా దీన్నే అడిగింది. ఇటలీ స్పార్క్లింగ్ వైన్ ప్రోసెక్కో ఇక్కడ ధర ఎక్కువ, నాసిక్‌లో తయారయ్యే బ్రూట్ వైన్ ఏదైనా పోయండి, బ్రూట్ అంటే తీపి తక్కువది, అదే కావాలి. బార్ బస్సోలో దీన్ని రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పెద్ద గ్లాసులో, పెద్ద ఐస్ గడ్డ వేసి ఇస్తారు.

విస్కీ తాగేవాళ్ళకి ఏదైనా ఉందా?

ఉంది. జిన్ బదులు బర్బన్ విస్కీ పోస్తే బూలవార్డియే, 1920ల పారిస్‌లో పుట్టింది. బర్బన్ 45, మిగతా రెండూ 30 చొప్పున పోస్తారు. చలికాలానికి, వానాకాలానికి నాకు చాలా ఇష్టం. రై విస్కీ, కంపారి, తీపి లేని డ్రై వెర్మూత్ వేస్తే ఓల్డ్ పాల్. జమైకా రమ్‌తో, మెక్సికో మెజ్కాల్‌తో కూడా చేస్తారు.

ఓల్డ్ మంక్‌తో చేయొచ్చా అని కనీసం పదిమంది అడిగారు. చేయొచ్చు, నేను చేశాను. ఓల్డ్ మంక్‌లో వెనిలా వాసన, తీపి గుణం ముందే ఉన్నాయి కాబట్టి వెర్మూత్ 30 నుంచి 20కి తగ్గించండి, లేకపోతే దగ్గు సిరప్ గుర్తొస్తుంది. నారింజ తొక్క తప్పనిసరి.

వైట్ నెగ్రోనిలో కంపారి ఉండదా?

ఉండదు. 2001లో వేన్ కాలిన్స్ అనే ఇంగ్లిష్ బార్‌టెండర్ ఫ్రాన్స్‌లో ఉండగా అక్కడ దొరికిన లిల్లే బ్లాంక్, సూజ్ అనే రెండు ఫ్రెంచి సీసాలతో చేశాడు. సూజ్ జెన్షియన్ అనే మొక్క చేదు వేళ్ళతో చేసేది. రంగు లేత పసుపు. మన దగ్గర ఆ సీసాలు దొరకడం కష్టం, అమెరికాలో, లండన్‌లో ఉన్నవాళ్ళు ప్రయత్నించండి.

అపెరోల్ స్ప్రిట్జ్ ఎలా?

మూడు, రెండు, ఒకటి. ప్రోసెక్కో 90, అపెరోల్ 60, సోడా ఒక 30. పెద్ద వైన్ గ్లాసు నిండా ఐస్, నారింజ ముక్క. అపెరోల్ పాడువాలో 1919లో వచ్చింది. స్ప్రిట్జ్ అనే మాట ఇంకా పాతది, వెనిస్ ప్రాంతం ఆస్ట్రియా చేతిలో ఉన్న రోజుల్లో అక్కడి సైనికులకి ఆ వైన్ ఘాటుగా అనిపించి నీళ్ళు చిలకరించుకునేవాళ్ళట, జర్మన్‌లో చిలకరించడాన్ని అలా అంటారు. తేలికగా ఉందని గబగబా తాగేస్తారు, లెక్క కింద చూడండి.

ఎంత ఎక్కుతుంది? తాగి బండి నడపొచ్చా?

నడపకూడదు. లెక్క చెబుతాను. 42.8 శాతం జిన్, 25 శాతం కంపారి, 16 శాతం వెర్మూత్ 30 మి.లీ. చొప్పున పోస్తే గ్లాసులో అసలు ఆల్కహాల్ 25 మి.లీ. మన విస్కీ చిన్న పెగ్గులో ఉండేది 13 మి.లీ. లోపే. అంటే ఒక్క నెగ్రోని దాదాపు రెండు చిన్న పెగ్గులు. చూడ్డానికి పిడికెడు గ్లాసు కాబట్టి చాలామంది మోసపోతారు, రెండు తాగితే నాలుగు పెగ్గులు అయినట్టు. అమెరికానో ఒక పెగ్గు లెక్క. స్ప్రిట్జ్‌లో అపెరోల్, వైన్ కలిపి 16 మి.లీ. పైన, పెగ్గుంపావు అనుకోండి. మన చట్టంలో హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఒక్క నెగ్రోనితో చాలామందికి ఆ గీత దాటిపోతుంది. క్యాబ్ పిలవండి. లివర్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, మందులు వాడుతున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు తాగొద్దు, మూలికలు ఉన్నాయి కదా ఆరోగ్యానికి మంచిదనే మాట నమ్మొద్దు.

ఇంటికి ఆరేడుగురు వస్తున్నారు, ముందే కలిపి పెట్టుకోవచ్చా?

దీనికి ఇంతకంటే అనువైన కాక్‌టెయిల్ లేదు. ఖాళీ 750 మి.లీ. సీసా కడిగి ఆరబెట్టండి. మూడూ 210 మి.లీ. చొప్పున పోయండి, 630 అవుతుంది. దానికి 120 మి.లీ. మంచినీళ్ళు కలపండి, ఐస్ కరిగి రావాల్సిన నీళ్ళు ఇవే. సీసా నిండింది, ఏడు గ్లాసులు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, వాళ్ళు వచ్చాక ఐస్ మీద పోసి తొక్క నొక్కి ఇవ్వడమే, హోస్ట్ కిచెన్‌లో ఇరుక్కుపోకుండా అందరితో కూర్చోవచ్చు. నీళ్ళు వద్దులే అని మానేస్తే మొదటి గుటకకే గొంతు మండుతుంది. వారం లోపల తాగేయండి, అందులో వెర్మూత్ ఉందని మర్చిపోవద్దు.

పక్కన ఏం నంజుకోవాలి?

ఉప్పగా, నూనెగా, కొంచెం మాత్రమే. ఆలివ్‌లు, చిప్స్, వేయించిన పల్లీలు. మన వాటిలో జీడిపప్పు వేపుడు, చెక్కలు, కారం తక్కువ మిక్చర్ బాగా కుదురుతాయి. చికెన్ 65, అపోలో ఫిష్ కుదరవు, పచ్చిమిర్చి మంట మీద చేదు ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది, ఒకసారి పెట్టి చూసి చెబుతున్నాను. పైగా అవి తింటే భోజనానికి చోటుండదు, ఆకలి పుట్టించే గ్లాసు తాగి ప్రయోజనం ఏముంది.

మా ఆవిడ మందు తాగదు, తనకి ఇలాంటిది ఏం ఇవ్వాలి?

ఇటలీలో ఆల్కహాల్ లేని అపెరితీవోలు దశాబ్దాలుగా ఉన్నాయి, క్రొదీనో, సాన్‌బిత్తేర్ అని చిన్న సీసాల్లో వస్తాయి, బయట ఉన్నవాళ్ళకి సులభంగా దొరుకుతాయి. ఇక్కడైతే చల్లటి టానిక్ వాటర్, ఒక బత్తాయి ముక్క, కమలా తొక్క నూనె, చిటికెడు ఉప్పు. టానిక్‌లో క్వినైన్ చేదు ఉంటుంది కాబట్టి ఆ దారిలోనే ఉంటుంది. మీ గ్లాసు లాంటి గ్లాసులోనే, అదే ఐస్‌తో, అంతే శ్రద్ధగా ఇవ్వండి.

మిగిలిన సీసాలు ఎక్కడ పెట్టాలి?

జిన్, కంపారి ఎండ తగలని అల్మరాలో ఎన్నాళ్ళైనా ఉంటాయి. వెర్మూత్ ఫ్రిజ్‌లో, తారీఖు రాసి.